సంఘం గురిగి

మా చెల్లెలు సరోజ ఎమ్మిగనూరులో తన పాత మట్టిమిద్దె విప్పించి రేకులు వేయిస్తోందంటే, చేతనైన సాయం చేద్దామని కర్నూలు నుంచి పోయాను. చేసిన సాయమేమీ లేదు. వాకిట్లో కుర్చీ వేసుకుని, కూలీలు దించుతున్న సామాన్లను చూస్తూ పొద్దు గడిపాను. అటక మీది ఇత్తడి బిందెలు, చీకిపోయిన బొంతలు, చనిపోయిన మా బావ నేతకు వాడిన నాడెలు, కండెలు అన్నీ బయటికి వచ్చాయి. బావ మగ్గం గుంట మీద ఇప్పుడు చెక్కపలకలు పరిచి గ్యాస్ బండ పెట్టుకున్నారు. దాని మీద నడిస్తే కింద బోలుగా మోగుతుంది. వంటింటి సామాను దగ్గరికి వచ్చేసరికి మాత్రం సరోజ కూలీలను పక్కకు జరగమని, తానే ఒక మట్టి గురిగిని రెండు చేతులా పొదివిపట్టుకుని తెచ్చింది. చిన్న కుండ అది. మెడ చుట్టూ జాజు పట్టీ, మూతికి ఒకవైపు పెచ్చు ఊడింది. లోపల సగానికి బియ్యం.

"అమ్మది గదా ఇది?" అన్నాను.

"అమ్మదే. నీకు జ్ఞాపకముందంటే ఆశ్చర్యమేలే. వంటింట్లోకి నువ్వు యాపొద్దు వచ్చినావు గనక?" అని, దాన్ని నా కుర్చీ కింద నీడలో పెట్టిపోయింది.

దాని పేరు సంఘం గురిగి. ఆదోనిలో మా వీధిలో ప్రతి వంటింట్లోనూ అలాంటిది ఒకటుండేది. వంటకు జొన్నలు తీసిన ప్రతిసారీ ఒక పిడికెడు అందులో వేయాలి. అది ఇంటిది కాదు, మిల్లు కూలీల సంఘానిది. నిండాక సంఘం మనిషి వచ్చి గోనెలోకి వంపుకుని పోతాడు. ఇంట్లో కొలతకు తక్కువైనా సరే, పిడికెడు మాత్రం ఆగేది కాదు. ఆ పిడికెడు వేసే చెయ్యి ఎప్పుడూ ఆడవాళ్లదే. సంఘంలో ఉండే పేర్లు ఎప్పుడూ మగవాళ్లవే. ఈ రెండు మాటల మధ్య ఉన్న తేడా నాకు వయసులో ఉండగా కనబడలేదు.

మా ఇల్లు పత్తిమిల్లు వెనక గోడకు ఆనుకుని ఉండేది. మిల్లు కూత వేస్తే మా గూట్లో బుడ్డిదీపం వణికేది. మా వీధికి గడియారంతో పనిలేదు. మొదటి కూతకు అమ్మ పొయ్యి రాజేసేది, రెండో కూతకు నాయన తువ్వాలు భుజాన వేసుకుని, పత్తి మూటల బేళ్లు లాగే ఇనుప కొక్కెం నడుముకు తగిలించుకుని వాకిలి దాటేవాడు. నాయన హమాలీ. ఆయన చెమట వాసనలో పత్తిగింజల నూనె వాసన కలిసి ఉండేది. స్నానం చేసినా పోయేది కాదు. అమ్మ అదే మిల్లులో పత్తి ఏరేది. ఎండాకు, పుల్ల, మరకపడ్డ దూది తీసేసి తెల్లటిది ఒకవైపు పోయడం ఆమె పని. ఇంటికి వచ్చేసరికి కనుబొమ్మలు, జుట్టు, మూతి మీది నూగు అన్నీ తెల్లగా ఉండేవి. సరోజ చిన్నప్పుడు అమ్మను వాకిట్లో చూసి "అవ్వ వచ్చినాది" అని అరిచేది. అమ్మ నవ్వుతూ కొంగుతో దులుపుకునేది. ఆ నవ్వుతోపాటే దగ్గు వచ్చేది. మా పరుపుల్లో ఉన్న దూది కంటే ఆమె ఊపిరితిత్తుల్లో ఉన్న దూదే ఎక్కువేమోనని ఇప్పుడు అనుకుంటాను.

ఆదివారాలు ఉగ్గాని వాసనతో మొదలయ్యేవి. బొరుగులు నీళ్లలో తడిపి పిండి, ఎర్రగడ్డలు, పచ్చిమిరప వేసి అమ్మ తిరగబోత పెట్టేది. బజ్జీలకు మాత్రం నాయన మస్తానన్న హోటలుకు పంపేవాడు. మస్తానన్న మా సంఘం పెద్ద. ఒకప్పుడు హమాలీ. బేలు కాలి మీద పడి పాదం వంకరపోయాక మిల్లు గేటుకు ఎదురుగా టీ హోటలు పెట్టుకున్నాడు. సంఘం ఆఫీసు, కోర్టు, కచేరీ అన్నీ ఆ హోటలు బెంచీలే. ఏ హమాలీల ముఠాలో తగువొచ్చినా, ఎవరి పెళ్లాం అలిగి పుట్టింటికి పోయినా పంచాయితీ అక్కడే. "టీ తాగినంక మాట్లాడురా, నోరు కాలితే మాట పొదుపుగా వస్తాది" అనేవాడు.

సంఘం మాకు ఏమిచ్చిందో చెప్పకుండా దాని తప్పులు చెబితే నా నోటికి పాపం. ఒక వేసవిలో నాయన చెయ్యి విరిగింది. కట్టు కట్టించుకుని మంచంలో పడుకుని గోడవైపు తిరిగిపోయాడు. మనిషి కూలికి పోలేనప్పుడు ఎవరి మొహం చూడాలన్నా సిగ్గు. ఆ సాయంత్రం ముఠా మేస్త్రి వచ్చి నాయన వంతు కూలి డబ్బు తలగడ పక్కన పెట్టాడు. మోసిన కూలిని ముఠా అంతా సమానంగా పంచుకోవడం సంఘం ఆచారం. దెబ్బ తగిలి పడుకున్నవాడు కూడా ఆ పంపకంలో ఉన్నట్టే లెక్క. "నేను మోయలేదు గదప్పా" అన్నాడు నాయన. "నువ్వు మోసిన దినాల్లో మేము కూడా మోయకుండా పండుకోలేదా? తీసుకో. ఎక్కువ మాట్లాడితే రెండో చెయ్యి కూడా ఇరుస్తాం" అన్నాడు మేస్త్రి. నాయన గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. సంఘం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఇప్పటికీ నాకు ఆ తిరగడమే కళ్లముందు మెదులుతుంది.

అదే సంఘం ఇంకో ముఖం కూడా నేను చూశాను. మాధవరం నుంచి ఒకతను పని వెతుక్కుంటూ వచ్చి, లారీ వాడు పిలిస్తే నాలుగు బస్తాలు దించాడు. మా ముఠా వాళ్లు అతన్ని గేటు బయటికి నెట్టి, తలగుడ్డ తీసి మురికికాలవలో వేశారు. సంఘంలో లేనివాడు బస్తా ముట్టకూడదు. సంఘంలో చేరాలంటే తండ్రి స్థానం కొడుక్కే రావాలి. అతని తండ్రి మిల్లులో లేడు. అతను కాలవలో నుంచి గుడ్డ తీసుకుని, పిండుకుని, తలకు చుట్టుకోకుండా చేతిలోనే పట్టుకుని పోయాడు. నేను చూస్తూ నిలబడ్డాను. కూలి పడిపోకుండా ఉండాలంటే గేటుకు కాపలా ఉండాల్సిందే అని నాకు నేనే చెప్పుకున్నాను. అందులో కొంత నిజముంది. ఆ నిజం పిండిన గుడ్డలా చల్లగా ఉంటుంది.

అప్పటికి నేను ఇంటర్ గట్టెక్కి మిల్లులో కాటా దగ్గర బరువులు రాసే పనికి చేరాను. నాలుగక్షరాలు వచ్చినవాణ్ని కాబట్టి మస్తానన్న నన్ను సంఘానికి కార్యదర్శిని చేశాడు. అర్జీలు నేనే రాసేవాణ్ని, మిల్లు యజమాని సావుకారితో మాట్లాడేటప్పుడు ఆయన పక్కన నేనే కూర్చునేవాణ్ని. నా గొంతు నాకే చాలా బాగుండేది.

ఆ ఏడు సమ్మె వచ్చింది. కూలి పెంచాలని, దెబ్బ తగిలితే వైద్యం మిల్లే చేయించాలని మగవాళ్లు అడిగారు. పత్తి ఏరే ఆడవాళ్లు అడిగింది ఇంకా చిన్నది. ప్రతి ఉదయం గేటు ముందు వరసగా నిలబడితే మిల్లు మేస్త్రి వేలు చూపించి "నువ్వు రా, నువ్వు పో" అనేవాడు. పో అన్నవాళ్లు సద్దిమూటతో అలాగే ఇంటికి తిరిగిరావాలి. రేపు పని ఉందో లేదో ముందురోజు సాయంత్రమే చెప్పాలని, ఒప్పందంలో తమ మాట కూడా రాయాలని అడిగారు. మస్తానన్న తల ఊపాడు. నేను అర్జీలో చివరి వరుసగా రాశాను.

సమ్మె రోజుల్లో మిల్లు కూత లేక వీధి అంతా కాలం తప్పినట్టుండేది. గేటు ముందు పట్ట కట్టి, వీధిలోని గురిగిలన్నీ ఒక్క చోట వంపి, అమ్మా వాళ్లు పెద్ద డేగిసాల్లో సంగటి గెలికేవారు. చెనిక్కాయల పచ్చడి, ఊరిబిండి వాసన గేటు లోపలికి పోయి సావుకారి గుమాస్తాలకు కూడా నోరూరేది. మగవాళ్లు ముందు బంతిలో కూర్చునేవారు. ఆడవాళ్లు అడుగున మాడింది గీక్కుని తినేవారు. నేనూ ముందు బంతిలోనే కూర్చుని, మా ఐకమత్యం గురించి ఉపన్యాసం చెప్పి, చేతులు కడుక్కునేవాణ్ని.

ఒకరోజు సావుకారి మస్తానన్ననూ నన్నూ లోపలికి పిలిచాడు. మంచినీళ్లు తెప్పించి, మెత్తగా మాట్లాడాడు. మగవాళ్లు అడిగినవి ఇస్తానన్నాడు. "ఆడోళ్లది మాత్రం ఒదిలేయండప్పా. వాళ్లది సీజను పని, దాన్ని కాయితం మీద పెడితే నేను కట్టుబడిపోతాను" అన్నాడు. మస్తానన్న నా వైపు చూశాడు. ఆయన తటపటాయించడం నాకు కనిపించింది. బయట జనం ఆకలితో ఉన్నారు, గురిగిల అడుగులు కనబడుతున్నాయి, అది నిజమే. కానీ ఆ క్షణంలో నన్ను కదిలించింది ఆకలి కాదు. గెలిచి బయటికి నడిచివచ్చే నా బొమ్మ నా కళ్లముందు ఆడింది. "మొదట మనది కానీ అన్నా. వాళ్లది తర్వాత చూస్తాం" అన్నాను. ఆయన వంకర పాదాన్ని నేల మీద రాస్తూ కాసేపు కూర్చుని, వేలిముద్ర వేశాడు. నేను సంతకం చేశాను.

బయట నన్ను భుజాల మీద ఎత్తుకున్నారు. ఇంటికి పోయేసరికి అమ్మ పొయ్యి దగ్గర ఉంది.

"అయిపోయినాదా నాయనా?"

"అయిపోయినాదిమా. కూలి పెంచినారు. దెబ్బ తగిలితే ఆసుపత్రి మిల్లుదే."

"మాది?"

"అది తర్వాత సీజన్లో అడుగుతాంలేమా."

అమ్మ తెడ్డు ఆపలేదు. "సరేలే. చేతులు కడుక్కో. సంగటి చల్లారిపోతాది" అంది.

తర్వాత సీజనుకు అడగడానికి ఎవరూ మిగల్లేదు. ఆస్పరి వైపు వానలు పడక ఊళ్లకు ఊళ్లు పనికోసం కదిలాయి. సావుకారి ఒక కొత్త మేస్త్రికి ఏరే పనంతా గుత్తకు ఇచ్చేశాడు. అతను లారీలో ఆ ఊళ్ల ఆడవాళ్లను తెచ్చి మిల్లు వెనక షెడ్డులో దించాడు. మా ఆడవాళ్లు ఎప్పటిలాగే గేటు ముందు వరసగా నిలబడ్డారు. ఎవరూ వేలు చూపించలేదు. రెండో కూత వేసింది. మేము మగవాళ్లం ఆ వరస పక్కనుంచే లోపలికి నడిచాం. నాయన మా అమ్మ ముందు ఆగాడు. ఆమె తన కోసం కట్టుకున్న సద్దిమూట ఆయన చేతిలో పెట్టి, "మధ్యాన్నం రెండూ తిను" అంది. నాయన వెనుక నేను. నేను ఆగలేదు. కాటా దగ్గర తాళం తీయాలని తొందర నటించాను.

అమ్మ ఆ తర్వాత చెనిక్కాయల చేలల్లో కలుపుకు పోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. అనివుంటే నేను జవాబు చెప్పేవాణ్ని, నా దగ్గర జవాబులకు కొదవలేదు. మిల్లుకు కొత్త ప్రెస్సు మిషను తెస్తామంటే సంఘం తరఫున ఆపింది కూడా నేనే. హమాలీల పొట్ట కొడుతుందన్నాను. బేళ్లు కట్టే పని వేరే ఊరి మిల్లులకు పోయింది. కొన్నేళ్లకు కూత ఆగింది. సంఘాల వల్లే ఆదోని మిల్లులు మూతపడ్డాయని బస్సుల్లో ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. పత్తి ధర, కరెంటు, అప్పులు, సావుకార్ల కొడుకులకు ఈ వ్యాపారం మీద మనసు లేకపోవడం, ఎన్ని కారణాలు! కానీ మా పాలు అందులో బొత్తిగా లేదని ప్రమాణం చేయమంటే చేయలేను. నేను తర్వాత కర్నూలులో కరెంటు ఆఫీసులో చేరి పింఛను తీసుకుంటున్నాను. ఆ పింఛను కూడా ఒక సంఘం కొట్లాడి తెచ్చిందే. ఇప్పుడు ఆ మిల్లు స్థలంలో కల్యాణమండపం ఉంది. గేటు స్తంభాలు మాత్రం అవే, వాటికి సీరియల్ బల్బులు చుట్టారు.

సరోజ టీ తెచ్చి పక్కన కూర్చున్నాక, "మిల్లు పోయినంక సంఘం కూడా పోయె గదా, ఈ గురిగి ఏమిటికి పెట్టుకున్నావు?" అని అడిగాను.

"అమ్మ ఆపిందా ఏమి, నేను ఆపేదానికి?"

"ఆపకుండా ఎవరికి పెట్టింది?"

చెల్లెలు నన్ను వింతగా చూసింది. "నీకు తెలీదాన్నా? ఆస్పరోళ్లకు."

నాకు అర్థం కాలేదు. తను చెప్పింది. ఆ గుత్త మేస్త్రి షెడ్డులో ఆడవాళ్లకు వారం చివరిదాకా చేతికి ఏమీ ఇచ్చేవాడు కాదట. పిల్లలు ఏడుస్తుంటే గోడకు ఇటువైపు మా ఇంటికి వినబడేదట. అమ్మ కలుపు నుంచి వచ్చి, గురిగి కొంగు కింద పెట్టుకుని, సరోజను వెంటబెట్టుకుని వెనక గోడ సందులోంచి పోయేదట. వీధిలో కొందరు తిట్టారట, మన నోటికాడి కూడు లాక్కున్నోళ్లకు మనమే పెట్టాల్నా అని. "లాక్కునింది వాళ్లు కాదులేమ్మా" అనేదట అమ్మ. అంతకు మించి చెప్పేది కాదట. లాక్కున్నది ఎవరో అమ్మకు తెలుసు. ఆ మనిషి అదే ఇంట్లో, అదే పొయ్యి మీది సంగటి తింటూ, ఆస్పరి ఆడవాళ్లను పొట్టకొట్టినవాళ్లని తిడుతూ ఉండేవాడు. అమ్మ పోయి చాలా ఏళ్లయింది.

సరోజ కూతురు భాగ్య పార్సిల్ గోడౌనులో పనిచేస్తుంది. ఫోనులో ఆర్డరిచ్చిన సరుకులు రాత్రి లారీలో దిగితే, పొద్దున ఆడపిల్లలు ఊరివారీగా సర్దుతారు. కుర్రవాళ్లు బండ్ల మీద పల్లెలకు చేరుస్తారు. యజమాని ఎవరో, ఏ ఊళ్లో ఉంటాడో ఎవరికీ తెలియదు. మా సావుకారికి మొహం ఉండేది, గేటు దగ్గర నిలబడి తిట్టడానికి వీలుండేది. వీళ్లకు ఉన్నది ఒక ఏజెన్సీ సూపర్వైజరు, ఒక వాట్సాప్ గ్రూపు. ఆరోజు పనికి ఎవరు రావాలో పొద్దున అందులో పేర్లు పెడతాడు. పేరు లేకపోతే పని లేదు. ఎవరైనా గట్టిగా అడిగితే గ్రూపులోంచి తీసేస్తాడు. తీసేస్తే ఉద్యోగం పోయినట్టే. భాగ్య జీతం ఆగితే ఈ రేకులు కూడా ఆగుతాయి.

"మామా, బండ్ల పిల్లోళ్లు సంఘం పెడతారంట. నువ్వు పాత లీడరువి గదా, వచ్చి మాట్లాడాలంట" అంది భాగ్య, పని నుంచి వచ్చి చెప్పులు విడుస్తూ. "మమ్మల్ని కూడా చేర్చుకోమంటే నవ్వుతాండారు. నువ్వు సెప్పు."

ఆ సాయంత్రం బస్టాండు వెనక టీకొట్టు దగ్గర కలిశాం. బండ్లు వరసగా నిలిపి, హెల్మెట్లు వాటికి తగిలించి ఉన్నాయి. ఇమ్రాన్ అనే కుర్రవాడు వాళ్లకు పెద్ద. చురుకైనవాడు, మాట బాగా వస్తుంది. పెట్రోలు, బండి దెబ్బతింటే ఎవరు పెట్టుకోవాలి, కిందపడితే ఆసుపత్రి ఎవరిది అని చక్కగా వివరించాడు. నాకు ముచ్చటేసింది. నా గొంతే వింటున్నట్టు కొంచెం భయం కూడా వేసింది.

"మరి మాదన్నా?" అంది భాగ్య.

"మీది గోడౌను లోపలిది గదమ్మా. మొదట మాది కానీ. మీది తర్వాత చూస్తాంలే."

గ్లాసు గబుక్కున కింద పెట్టబోయేసరికి టీ చొక్కా మీద ఒలికింది. వయసు అనుకున్నారు. ఒక కుర్రవాడు లేచి తువ్వాలు ఇచ్చాడు. తుడుచుకుంటూనే చెప్పాను. ఆ మాట నేను అన్నదేనని, ఆదోనిలో ఒక గదిలో, మంచినీళ్లు తాగి అన్నదేనని, మా అమ్మ గేటు బయట నిలబడితే పక్కనుంచి నడిచి లోపలికి పోయినవాణ్ని నేనేనని చెప్పాను. పెద్దవాళ్ల కథ ఎంతసేపో అని ఒకరిద్దరు ఫోన్లు చూసుకున్నారు. ఇమ్రాన్ మాత్రం తలవంచి విన్నాడు.

"అప్పుడు వేరే పెద్దాయనా. ఇప్పుడు ఆడపిల్లోళ్లను కలుపుకుంటే వాడు అందర్నీ తీసేస్తాడు. బలం సరిపోదు."

"బలమంటే యాడుంది ఇమ్రానన్నా?" భాగ్య అందుకుంది. "మేము సర్దితేనే గదా నువ్వు మోస్తావు. ఒక పొద్దు మేము చేతులు ముడుసుకుని కూసుంటే నీ బండి యాడికి పోతాది, మంత్రాలయం దర్శనానికా?"

నవ్వులు లేచాయి. ఇమ్రాన్ కూడా నవ్వి, "అబ్బ, నీ నోరు! సరే, రేపు నువ్వు కూడా రా మాతో" అన్నాడు. అది ఒప్పుకోవడమో, అప్పటికి తప్పించుకోవడమో నాకు తెలియలేదు.

మర్నాడు అందరూ కలిసి పోయి సూపర్వైజరుతో మాట్లాడి వచ్చారు. కనుక్కుని చెబుతానన్నాడట. ఆ తర్వాతి ఉదయం గ్రూపులో పేర్లు రాలేదు. ఒక్క ముక్కే వచ్చింది. భాగ్యను తీసేశారు. ఇంకెవర్నీ కాదు.

సరోజ విప్పిన మిద్దె వైపు చూసి నోట్లో కొంగు కుక్కుకుంది. భాగ్య ఏడవలేదు, గోడకు ఆనుకుని కూర్చుంది. నాకు ఆదోని మిల్లు గేటు స్తంభాల మధ్యలోంచి లోపలికి నడుస్తున్న మా మగవాళ్లు కళ్లముందు కనబడ్డారు. అలాగే జరుగుతుంది, ఎప్పుడూ అలాగే జరుగుతుంది అనుకున్నాను. అంతలో పక్కింటి పిల్ల, భాగ్యతో పనిచేసేదే, తన ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. గ్రూపులో ఇమ్రాన్ తనంతట తాను బయటికి వెళ్లిపోయినట్టు కనబడుతోంది. దాని కింద ఇంకో పేరు. కాసేపాగి ఒక ఆడపిల్ల పేరు. మేం చూస్తుండగానే ఒక్కొక్క పేరే గేటులోంచి బయటికి నడిచివస్తున్నట్టు వచ్చింది. అందరూ రాలేదు. లోపల ఉండిపోయినవాళ్లూ ఉన్నారు, వాళ్ల ఇళ్లల్లో ఏముందో నాకు తెలియదు, వాళ్లను నేను ఏమీ అనను. పక్కింటి పిల్ల ఫోను వైపు, మా వైపు చూసి, పెదవి కొరుక్కుంటూ తానూ ఒక మీట నొక్కింది.

వీళ్లు గెలుస్తారో లేదో ఈ మాటలు రాసేనాటికి తెలియదు. వేరే ఊరి పిల్లల్ని లారీలో దించినా దించుతారు. అప్పుడు వాళ్లను ఏమని పిలవకూడదో ఈసారి నాకు తెలుసు.

సరోజ కళ్లు తుడుచుకుని లేచింది. వాకిట్లో తాత్కాలికంగా పెట్టిన పొయ్యి దగ్గర బియ్యం డబ్బా మూత తీసింది. నేను కూడా లేచి పోయాను.

"నేను వేస్తా, ఉండు" అన్నాను.

గుప్పెట బియ్యం తీసి గురిగిలో వదిలాను. సగం నేల మీద పడ్డాయి. నా జన్మలో ఆ గురిగిలోది తిన్నానే గాని, అందులో చెయ్యి పెట్టింది అదే మొదలు.

"అట్ల కాదన్నా" అని నా మణికట్టు పట్టుకుంది చెల్లెలు. "మూతికి దగ్గరగా పెట్టి, మెల్లగా గుప్పెట ఇప్పాల. పడినవి ఏరు ముందు."

నేల మీద కూర్చుని ఏరాను.